లా అండ్ ఆర్డర్ సిరీస్‌లు: తరచుగా అడిగే ప్రశ్నలు

1990లో అమెరికాలోని ఎన్‌బీసీ ఛానల్లో పోలీసులు, కోర్టుల కథలు చెప్పే ఒక్క సీరియల్‌గా మొదలైన 'లా అండ్ ఆర్డర్' పేరుతో ఆ దేశంలోనే ఇప్పటికి ఏడు సిరీస్‌లు వచ్చాయి. బ్రిటన్, ఫ్రాన్స్, రష్యా, కెనడాలు తమ రూపాలు తాము తీసుకున్నాయి. కొత్తగా చూడటం మొదలుపెట్టినవాళ్ళకి ఎప్పుడూ వచ్చే సందేహాలు దాదాపు ఒకటే కాబట్టి వాటిని ఒకచోట పెట్టాం. ఏ జవాబుకి ఆ జవాబే పూర్తిగా ఉంటుంది, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళొచ్చు. అక్కడక్కడా కథలోని మలుపులు బయటపడతాయి.

## చూడటం మొదలుపెట్టే ముందు

ఈ పేరుతో ఎన్ని సిరీస్‌లున్నాయి? ఏది ఎప్పటిది?

- లా అండ్ ఆర్డర్: 1990 నుంచి 2010 వరకు, మళ్ళీ 2022 నుంచి
- స్పెషల్ విక్టిమ్స్ యూనిట్ (అందరూ ఎస్‌వీయూ అనేది దీన్నే, లైంగిక నేరాల కేసులు): 1999 నుంచి ఆగకుండా
- క్రిమినల్ ఇంటెంట్: 2001–2011
- ట్రయల్ బై జ్యూరీ: 2005
- ఎల్ఏ: 2010–2011
- ట్రూ క్రైమ్: 2017, ఎనిమిది ఎపిసోడ్లలో ఒకే కేసు
- ఆర్గనైజ్డ్ క్రైమ్: 2021లో మొదలైంది

ఇవి కాక 1998లో 'ఎగ్జైల్డ్' అనే టీవీ సినిమా వచ్చింది. 2006లో వచ్చిన 'కన్విక్షన్' పేరులో 'లా అండ్ ఆర్డర్' లేకపోయినా అదే ప్రపంచంలో నడిచే కథ. ఎస్‌వీయూలో కనిపించిన ప్రాసిక్యూటర్ అలెగ్జాండ్రా కాబట్ అందులో పెద్ద హోదాలో ఉంటుంది.

మొదటి సీజన్ మొదటి ఎపిసోడ్ నుంచే చూడాలా?

అక్కర్లేదు. అసలు సిరీస్‌లో ఏ ఎపిసోడ్ కథ ఆ ఎపిసోడ్‌లోనే ముగిసిపోతుంది. పాత్రల ఇంటి సంగతులు ఒకటి రెండు మాటల్లో వచ్చి పోతాయి తప్ప, వాటిమీద కథ నడవదు. మంచి ప్రవేశం కావాలంటే ఐదో సీజన్ (1994) పట్టుకోండి. డిటెక్టివ్ లెన్నీ బ్రిస్కోగా జెర్రీ ఆర్బాక్ అప్పటికే కుదురుకున్నాడు, ప్రాసిక్యూటర్ జాక్ మెకాయ్‌గా శామ్ వాటర్‌స్టన్ ఆ సీజన్లోనే వచ్చాడు. ఈ సిరీస్‌కి వీళ్ళిద్దరే ముఖాలు.

ఎస్‌వీయూ మొదటినుంచి చూస్తే ఒలీవియా బెన్సన్ డిటెక్టివ్ నుంచి కెప్టెన్ దాకా ఎదగడం కనిపిస్తుంది, అయినా మధ్యలో దిగినా ఇబ్బంది లేదు. ఆర్గనైజ్డ్ క్రైమ్ ఒక్కటే తప్పనిసరిగా వరసలో చూడాల్సింది. ఒక నేరస్థుల ముఠా కథ అందులో వారాల తరబడి సాగుతుంది, మధ్యలో దిగితే ఎవరు ఎవరో తెలియదు.

సగం అయ్యేసరికి పోలీసులు మాయమై లాయర్లు వస్తారేంటి?

సిరీస్ నిర్మాణమే అది. గంట స్లాట్‌లో ప్రకటనలు పోను కథకి మిగిలేది నలభై పైచిలుకు నిమిషాలు. మొదటి రెండు మూడు నిమిషాల్లో దారినపోయేవాళ్ళెవరో శవాన్ని చూస్తారు, డిటెక్టివ్‌లిద్దరూ వస్తారు, పెద్ద డిటెక్టివ్ ఒక మాట అంటాడు, టైటిల్స్ పడతాయి. తర్వాత ఇరవై నిమిషాలు సాక్షులు, శవపరీక్ష, ఫోన్ రికార్డులు, ఒకట్రెండు తప్పుడు అనుమానాలు. సరిగ్గా సగానికి అరెస్టు. అక్కడినుంచి కేసు జిల్లా అటార్నీ (ప్రభుత్వం తరఫున నేర కేసులు నడిపే ప్రధాన లాయరు) ఆఫీసు చేతికి పోతుంది: కోర్టులో హాజరు, బెయిలు వాదన, సాక్ష్యం చెల్లదంటూ డిఫెన్స్ పిటిషన్, బేరసారాలు, విచారణ, తీర్పు.

ఇందులో అసలు పట్టు ఎక్కడుందంటే, పోలీసులు మొదటి సగంలో చేసిన ప్రతి తొందరపాటుకీ రెండో సగంలో ప్రాసిక్యూటర్ లెక్క చెప్పుకోవాలి. వారెంట్ లేకుండా తెరిచిన అల్మరా, హక్కులు చదివి వినిపించకముందు అడిగిన ఒక ప్రశ్న: కేసు కూలేది ఇలాంటి వాటి దగ్గరే. అందుకే మొదటి సగాన్ని చూస్తూ చూడనట్టు వదిలేయకండి.

ఈ సగం సగం పద్ధతి అసలు సిరీస్‌దే. ఎస్‌వీయూలో పోలీసు భాగం ఎక్కువ, క్రిమినల్ ఇంటెంట్‌లో కోర్టు దాదాపు ఉండదు.

దృశ్యం మారినప్పుడల్లా వచ్చే ఆ "డన్ డన్" శబ్దం ఏంటి?

సంగీత దర్శకుడు మైక్ పోస్ట్ తయారుచేసింది. టైటిల్ సంగీతం కూడా ఆయనదే. జైలు తలుపు మూతపడినట్టు వినిపించేలా చాలా శబ్దాలు కలిపి చేశారు, అందులో జపాన్‌లో ఎంతోమంది ఒకేసారి చెక్కనేలను తొక్కిన చప్పుడు కూడా ఉంది. ఆ శబ్దంతోపాటు నల్ల తెరమీద తెల్ల అక్షరాల్లో స్థలం, చాలాసార్లు తేదీ కూడా పడతాయి. ఆ తేదీలు గమనిస్తే అరెస్టుకీ విచారణకీ మధ్య ఎన్ని వారాలో నెలలో గడిచాయో తెలుస్తుంది.

## పుట్టుక, తొలి పదేళ్ళు

ఒకే ఎపిసోడ్‌ని రెండు ముక్కలు చేయాలన్న ఆలోచన ఎలా వచ్చింది?

వ్యాపార అవసరం నుంచి. సృష్టికర్త డిక్ వోల్ఫ్ ప్రకటనల రంగంలో కాపీరైటర్‌గా పనిచేసి, తర్వాత 'హిల్ స్ట్రీట్ బ్లూస్', 'మయామీ వైస్' సీరియల్స్‌కి రాశాడు. అమెరికాలో సీరియల్‌కి అసలు లాభం మొదటి ప్రసారంలో రాదు, ఎపిసోడ్లు పోగయ్యాక వాటిని స్థానిక స్టేషన్లకీ కేబుల్ ఛానళ్ళకీ పునఃప్రసారానికి అమ్మినప్పుడు వస్తుంది. 1980ల చివర్లో అరగంట కామెడీలకి ఉన్న గిరాకీ గంట డ్రామాలకి లేదు. గంట కథని పోలీసు అరగంట, కోర్టు అరగంటగా తీస్తే అవసరమైతే విడగొట్టి అమ్ముకోవచ్చని వోల్ఫ్, యూనివర్సల్ స్టూడియో లెక్క వేశారు.

విడగొట్టి అమ్మే అవసరం చివరికి రాలేదు. అయినా ఆ నిర్మాణం నిలిచిపోయింది. ఇదే పద్ధతిని 1963లో ఏబీసీ ఛానల్లో 'అరెస్ట్ అండ్ ట్రయల్' గంటన్నర కార్యక్రమంగా ప్రయత్నించింది, అది ఒక్క సీజన్‌తో ముగిసింది.

ఆరో ఎపిసోడ్‌లో జిల్లా అటార్నీ వేరే మనిషి. ఎందుకు?

మీరు చూస్తున్నది నిజానికి అందరికన్నా ముందు తీసిన ఎపిసోడ్. 1988లో సీబీఎస్ ఛానల్ కోసం దాన్ని పైలట్‌గా, అంటే నమూనా ఎపిసోడ్‌గా తీశారు. అంతకుముందు ఫాక్స్ ఛానల్ 13 ఎపిసోడ్లకి ఒప్పుకుని వెనక్కి తగ్గింది. సీబీఎస్ పైలట్ చూసి వద్దంది. చివరికి ఎన్‌బీసీ తీసుకుని 1990 సెప్టెంబర్ 13న సిరీస్ మొదలుపెట్టింది. పైలట్‌ని మాత్రం అక్టోబర్ చివర్లో ఆరో ఎపిసోడ్‌గా వేసింది. పైలట్‌లో జిల్లా అటార్నీగా రాయ్ థిన్నెస్ నటించాడు, ఎన్‌బీసీకి వచ్చేసరికి ఆ స్థానంలో స్టీవెన్ హిల్ కొత్త పాత్రతో వచ్చాడు. వీలైతే ఆరో ఎపిసోడ్‌ని ముందు చూసి, ఆ తర్వాత మొదటిది మొదలుపెట్టండి.

నటులు ఇంత తరచుగా మారిపోతే సిరీస్ ఎలా నిలబడింది?

మనుషులు మారినా పనులు మారకుండా రాశారు కాబట్టి. ఆరు కుర్చీలున్నాయి: పెద్ద డిటెక్టివ్, చిన్న డిటెక్టివ్, వాళ్ళ పై అధికారి, ప్రధాన ప్రాసిక్యూటర్, సహాయ ప్రాసిక్యూటర్, జిల్లా అటార్నీ. ఎవరు వెళ్ళినా కుర్చీ అలాగే ఉంటుంది, కొత్తగా వచ్చినవాళ్ళు రెండు మూడు ఎపిసోడ్లలో అందులో సర్దుకుంటారు. జార్జ్ జుంజా మొదటి సీజన్‌తోనే వెళ్ళిపోయాడు. నాలుగు సీజన్లు ప్రధాన ప్రాసిక్యూటర్‌గా చేసిన మైకేల్ మోరియార్టీ 1994లో తప్పుకున్నాడు. ఆయన స్థానంలో వచ్చిన వాటర్‌స్టన్ 2010 దాకా ఉన్నాడు. ఎస్. ఎపాథా మెర్కర్సన్ పదిహేడు సీజన్లు లెఫ్టినెంట్ వాన్ బ్యూరెన్‌గా నటించింది.

1993లో జరిగిన మార్పు వేరే రకం. మొదటి మూడు సీజన్ల ప్రధాన తారాగణంలో ఆరుగురూ మగవాళ్ళే. ఆడవాళ్ళు ఉండి తీరాలని ఎన్‌బీసీ పట్టుబట్టడంతో డాన్ ఫ్లోరెక్, రిచర్డ్ బ్రూక్స్‌లను తీసేసి మెర్కర్సన్, జిల్ హెనెసీలను తెచ్చారు. సిరీస్‌కి అది మేలే చేసింది. ఫ్లోరెక్ తర్వాత అదే కెప్టెన్ క్రేగన్ పాత్రతో ఎస్‌వీయూకి వచ్చి పదిహేనేళ్ళు ఉన్నాడు.

ఈ నటిని ఇంతకుముందు వేరే పాత్రలో చూశాను. నేను పొరబడ్డానా?

లేదు, సరిగ్గానే గుర్తుపట్టారు. న్యూయార్క్ రంగస్థల నటుల్ని చిన్న పాత్రలకి పిలవడం, వాళ్ళు నచ్చితే తర్వాత పెద్ద పాత్ర ఇవ్వడం ఇక్కడ మామూలు. మెర్కర్సన్ మొదటి సీజన్లో బిడ్డను పోగొట్టుకున్న తల్లిగా కనిపించి, నాలుగో సీజన్లో లెఫ్టినెంట్ అయింది. ఆర్బాక్ రెండో సీజన్లో డిఫెన్స్ లాయరు, మూడో సీజన్‌కి డిటెక్టివ్. ఎస్‌వీయూలో డయాన్ నీల్ ముందు నిందితురాలిగా వచ్చి, తర్వాత ప్రాసిక్యూటర్ కేసీ నోవాక్ అయింది. ఆ పాత్రల మధ్య కథాపరంగా ఏ సంబంధమూ లేదు.

కథలన్నీ నిజంగా జరిగినవేనా?

చాలావాటికి మూలం ఏదో ఒక వార్త. రచయితలు వార్తలోంచి మొదటి పరిస్థితిని మాత్రమే తీసుకుని పేర్లు, నేరస్థుడు, ముగింపు అన్నీ మార్చేస్తారు. సగం దాకా "ఓహో, ఇది ఆ కేసు" అనిపించి తర్వాత పూర్తిగా వేరే దారి పట్టడం అందుకే. కథ కల్పితమనే ప్రకటన కూడా వేస్తారు. అసలు కేసులో ఏం జరిగిందో తెలుసుకోవాలంటే ఎపిసోడ్‌ని నమ్ముకోవద్దు. నిజమైన పేర్లతో, నిజమైన కేసుని చెప్పింది 2017 నాటి 'ట్రూ క్రైమ్' మాత్రమే: తల్లిదండ్రుల్ని చంపిన మెనెండెజ్ సోదరుల కేసు.

షూటింగ్ న్యూయార్క్‌లోనే జరుగుతుందా?

అవును, అదే దీని బలం. అప్పట్లో న్యూయార్క్ కథలు చాలావరకు లాస్ ఏంజెలెస్ స్టూడియోల్లో తీసేవాళ్ళు. వోల్ఫ్ బృందం మన్‌హాటన్ వీధుల్లోనే తీసింది, సెట్లని హడ్సన్ నది ఒడ్డున చెల్సీ పియర్స్‌లో వేసింది. పియర్ 62కి వెళ్ళే దారికి 2004లో 'లా అండ్ ఆర్డర్ వే' అని పేరు పెట్టారు. ఎస్‌వీయూ సెట్లు మొదట నది అవతల న్యూజెర్సీలోని నార్త్ బెర్గెన్‌లో ఉండేవి, 2010లో మాతృ సిరీస్ ఆగిపోయాక చెల్సీ పియర్స్‌కి మారాయి.

## కొమ్మలు వేసిన కాలం

ఎస్‌వీయూ ఎలా పుట్టింది? తల్లి సిరీస్‌ని మించి ఎందుకు సాగింది?

1986లో సెంట్రల్ పార్క్‌లో జరిగిన ఒక యువతి హత్య గురించి అసలు సిరీస్‌లో ఒక ఎపిసోడ్ వచ్చింది. అలాంటి నేరాల వెనక మనుషుల మనసుల్ని ఇంకా లోతుగా చూపాలన్న కోరిక వోల్ఫ్‌కి మిగిలిపోయింది. మొదట అనుకున్న పేరు 'సెక్స్ క్రైమ్స్'. తర్వాత 'లా అండ్ ఆర్డర్' బ్రాండ్ ముందు చేర్చి, 1999 సెప్టెంబర్ 20న మొదలుపెట్టారు.

మాతృ సిరీస్‌లో శవం దొరకగానే బాధితుడు కథలోంచి వెళ్ళిపోతాడు. ఎస్‌వీయూలో చాలావరకు బాధితులు బతికి ఉంటారు. వాళ్ళు ఫిర్యాదు చేయాలా వద్దా, వైద్య పరీక్షకి ఒప్పుకోవాలా, కోర్టులో అందరి ముందూ మళ్ళీ చెప్పుకోగలరా అన్నదే కథ. కాబట్టి వాళ్ళ పక్కన నిలబడే డిటెక్టివ్ స్వభావం కీలకమైంది. ఆరు కుర్చీల లెక్క ఇక్కడ పనిచేయదు: మారిస్కా హార్గిటే పోషించిన ఒలీవియా బెన్సన్‌ని తీసేస్తే ఈ సిరీస్ లేదు. 2006లో ఆమెకి ఉత్తమ నటిగా ఎమ్మీ టీవీ అవార్డు వచ్చింది. ప్రేక్షకుల నుంచి తమ గాయాలు చెప్పుకుంటూ వచ్చిన ఉత్తరాలు చదివి ఆమె 2004లో జాయ్‌ఫుల్ హార్ట్ ఫౌండేషన్ స్థాపించింది. పోలీసుల దగ్గర పరీక్షించకుండా పడి ఉన్న అత్యాచార సాక్ష్యాల కిట్ల మీద ఆ సంస్థ ఏళ్ళ తరబడి పోరాడుతోంది. ఒక టీవీ పాత్ర ఇంత దూరం వెళ్ళిన సందర్భాలు అరుదు.

2019లో ఇరవై ఒకటో సీజన్ మొదలవడంతో, అమెరికా ప్రైమ్‌టైమ్‌లో నటులతో తీసిన కథా సిరీస్‌లలో ఎక్కువ సీజన్లు నడిచినది ఇదే అయింది. 2021 అక్టోబర్‌లో 500వ ఎపిసోడ్ వచ్చింది.

మంచ్ ముందే వేరే సీరియల్లో ఉన్నాడంటారు, నిజమేనా?

నిజమే. రిచర్డ్ బెల్జర్ పోషించిన డిటెక్టివ్ జాన్ మంచ్ 1993లో 'హోమిసైడ్: లైఫ్ ఆన్ ది స్ట్రీట్'లో బాల్టిమోర్ పోలీసుగా పుట్టాడు. ఆ సీరియల్, 'లా అండ్ ఆర్డర్' కలిసి 1996, 1997, 1999లలో ఉమ్మడి కథలు చేశాయి. 1999లో హోమిసైడ్ ఆగిపోగానే మంచ్ బాల్టిమోర్ నుంచి న్యూయార్క్‌కి మారి ఎస్‌వీయూలో చేరాడు. 2013 దాకా అక్కడే ఉన్నాడు. 'ది ఎక్స్ ఫైల్స్', 'ది వైర్' లాంటి సంబంధం లేని సీరియల్స్‌లోనూ ఇదే పాత్రగా తళుక్కున కనిపించాడు. బెల్జర్ 2023 ఫిబ్రవరిలో చనిపోయాడు.

క్రిమినల్ ఇంటెంట్‌లో నేరస్థుడెవరో ముందే తెలిసిపోతోంది. మరి చూడటానికేముంది?

ఎలా పట్టుకుంటారన్నది. ఈ సిరీస్ కెమెరాని నేరస్థుడి వైపు కూడా తిప్పింది. అతని ఇల్లు, భయం, పథకం మనకి కనిపిస్తుంటాయి. విన్సెంట్ డొనోఫ్రియో పోషించిన డిటెక్టివ్ గోరెన్ వేలిముద్రలకన్నా మాటతీరు, చదివే పుస్తకం, కూర్చునే పద్ధతి చూసి మనిషిని చదువుతాడు. చివరి పది నిమిషాల్లో ఎదురుగా కూర్చుని నేరస్థుడి నోటితోనే నిజం చెప్పిస్తాడు.

ఆ పాత్ర భారం చాలా ఎక్కువ. 2004లో డొనోఫ్రియో అలసటతో సెట్‌లో కుప్పకూలాడు. 2005 నుంచి సగం ఎపిసోడ్లు క్రిస్ నోత్‌కి ఇచ్చారు. 1995లో అసలు సిరీస్ నుంచి వెళ్ళిపోయిన మైక్ లోగన్ పాత్రే ఇలా తిరిగొచ్చింది. గోరెన్ కోసమే చూసేవాళ్ళు ఐదో సీజన్ నుంచి కొన్ని సీజన్లపాటు ఎపిసోడ్ ఒకటి విడిచి ఒకటి అతనిది కాదని గుర్తుంచుకోండి. 2007లో ఏడో సీజన్‌తో కొత్త ఎపిసోడ్లు ఎన్‌బీసీ నుంచి యూఎస్ఏ నెట్‌వర్క్ అనే కేబుల్ ఛానల్‌కి మారాయి.

ట్రయల్ బై జ్యూరీ, ఎల్ఏ ఎందుకు త్వరగా పోయాయి?

ట్రయల్ బై జ్యూరీ కోర్టు తయారీని, అంటే రెండు పక్షాలూ సాక్షుల్ని, వాదనల్ని సిద్ధం చేసుకునే తీరుని చూపింది. అది మాతృ సిరీస్‌లో రెండో సగంగా ప్రతివారం వస్తున్నదే. ఉన్నదాన్ని సాగదీస్తే కొత్తది కాలేదు. దానికి తోడు, బ్రిస్కోగా ఇందులోకి మారిన జెర్రీ ఆర్బాక్ రెండు ఎపిసోడ్లు పూర్తి చేసి 2004 డిసెంబర్ 28న క్యాన్సర్‌తో చనిపోయాడు. 2005 మార్చిలో మొదలైన సిరీస్ 13 ఎపిసోడ్లతో ఆగింది. చివరి ఎపిసోడ్‌ని ఎన్‌బీసీ వేయనేలేదు, తర్వాత కోర్ట్ టీవీలో వచ్చింది.

ఎల్ఏలో ఊరు మారింది, మిగతా అంతా అదే. న్యూయార్క్ ఇరుకు వీధులు, నడుస్తూ సమాధానం చెప్పే సాక్షులు, ఆ తొందర లాస్ ఏంజెలెస్‌కి అతకలేదు. సీజన్ మధ్యలో ఆపి, స్కీట్ అల్రిచ్ పాత్రని చంపేసి, ప్రాసిక్యూటర్‌గా ఉన్న ఆల్‌ఫ్రెడ్ మొలీనాని డిటెక్టివ్‌గా మార్చారు. అలా మార్చాక ఉన్న కొద్దిమంది ప్రేక్షకులకీ గందరగోళమే మిగిలింది. 22 ఎపిసోడ్లతో ముగిసింది.

నిలిచిన శాఖల్ని చూస్తే మా అభిప్రాయం ఇది: కథ ఎవరి వైపు నుంచి చెబుతున్నారన్నది మార్చినవి బతికాయి. ఎస్‌వీయూ బాధితుల వైపుకి, క్రిమినల్ ఇంటెంట్ నేరస్థుడి వైపుకి జరిగాయి. గదినో ఊరినో మార్చినవి బతకలేదు.

'హేట్ క్రైమ్స్', 'ఫర్ ది డిఫెన్స్' ఎక్కడ దొరుకుతాయి?

దొరకవు, అవి ప్రసారం కాలేదు. హేట్ క్రైమ్స్‌కి ఎన్‌బీసీ 2018లో ఆర్డర్ ఇచ్చింది, కానీ తెరమీదకి రాలేదు. డిఫెన్స్ లాయర్ల కథగా అనుకున్న ఫర్ ది డిఫెన్స్‌ని 2021 మేలో ప్రకటించి జులైలో రద్దు చేశారు.

## ఆగడం, తిరిగి రావడం

ఇరవై సీజన్లు ఆడినదాన్ని 2010లో ఎందుకు ఆపేశారు?

ప్రేక్షకులు తగ్గారు, ఖర్చు తగ్గలేదు. పైగా 2009లో ఎన్‌బీసీ రాత్రి పది గంటల స్లాట్‌ని వారంలో ఐదు రోజులూ జే లెనో టాక్ షోకి ఇచ్చేసింది. పెద్దవాళ్ళ డ్రామాలకి అలవాటైన ఆ సమయం పోవడంతో 'లా అండ్ ఆర్డర్' శుక్రవారం రాత్రి ఎనిమిదికి జరిగింది. అమెరికాలో శుక్రవారం రాత్రి జనం టీవీ ముందు ఉండటమే తక్కువ. 2010 మేలో రద్దు ప్రకటించారు, 24న చివరి ఎపిసోడ్ వచ్చింది. అప్పటికి మొత్తం 456.

అభిమానులకి ఇంకా బాధ కలిగించినది రికార్డు. 1955 నుంచి 1975 వరకు నడిచిన 'గన్‌స్మోక్' కూడా ఇరవై సీజన్లే. ఇంకొక్క సీజన్ వస్తే దాన్ని దాటేది.

2022లో వచ్చినది కొత్త సిరీసా, పాతదాని కొనసాగింపా?

కొనసాగింపే. 2022 ఫిబ్రవరి 24న వచ్చినదాన్ని ఇరవై ఒకటో సీజన్‌గానే లెక్కపెట్టారు. పాత తారాగణంలోంచి ఆంథొనీ ఆండర్సన్, శామ్ వాటర్‌స్టన్ తిరిగొచ్చారు. ఆండర్సన్ ఒక్క సీజన్‌కే ఉన్నాడు. మెకాయ్ అప్పటికి జిల్లా అటార్నీ. ప్రాసిక్యూటర్ కుర్చీలోకి హ్యూ డాన్సీ వచ్చాడు. 2024 ఫిబ్రవరి 22న వాటర్‌స్టన్ చివరి ఎపిసోడ్ ప్రసారమైంది, ఆయన తర్వాత జిల్లా అటార్నీగా టోనీ గోల్డ్‌విన్ చేరాడు.

ఆర్గనైజ్డ్ క్రైమ్ చూడాలంటే ముందు ఏం చూడాలి?

ఒక్క ఎపిసోడ్ చాలు: ఎస్‌వీయూ ఇరవై రెండో సీజన్ తొమ్మిదోది. 2011లో వెళ్ళిపోయిన ఎలియట్ స్టేబ్లర్ (క్రిస్టఫర్ మెలోనీ) పదేళ్ళకి అందులో తిరిగొస్తాడు, కారు బాంబులో అతని భార్య గాయపడుతుంది. అదే రాత్రి, 2021 ఏప్రిల్ 1న, ఆ కథ ఆర్గనైజ్డ్ క్రైమ్ మొదటి ఎపిసోడ్‌లోకి సాగింది. విడిగా మొదలుపెడితే అతని కోపం ఎందుకో అర్థం కాదు. నాలుగు సీజన్లు ఎన్‌బీసీలో వచ్చాయి, ఐదోది 2025లో పీకాక్ స్ట్రీమింగ్‌కి మారింది.

కథ సగంలో ఆగిపోయింది, తర్వాతి ఎపిసోడ్‌లో వేరే కథ. ఏం తప్పింది?

మీరు చూసింది ఉమ్మడి ఎపిసోడ్‌లో ఒక భాగం. మిగతా భాగం వేరే సిరీస్‌లో ఉంటుంది, స్ట్రీమింగ్ యాప్ మిమ్మల్ని అటు పంపదు. రెండు ఎపిసోడ్ల ప్రసార తేదీలు చూడండి, ఒకే తేదీ ఉన్నవి జంట. 2022 సెప్టెంబర్ 22 నాటి మూడు భాగాల కథకి మామూలు వరస కూడా పనికిరాదు: ముందు ఆర్గనైజ్డ్ క్రైమ్, తర్వాత ఎస్‌వీయూ, చివర్న లా అండ్ ఆర్డర్ చూడాలి.

చికాగో, ఎఫ్‌బీఐ సీరియల్స్ కూడా ఇందులో భాగమేనా?

పేరులో కాదు కానీ ప్రపంచం ఒకటే, నిర్మాత కూడా డిక్ వోల్ఫే. 2012లో 'చికాగో ఫైర్', 2014లో 'చికాగో పీడీ' మొదలయ్యాయి. చికాగో పీడీ, ఎస్‌వీయూ చాలాసార్లు కథలు పంచుకున్నాయి. 2017లో 13 ఎపిసోడ్లు నడిచిన 'చికాగో జస్టిస్'లో ప్రాసిక్యూటర్ పీటర్ స్టోన్, 1990 నాటి అసలు ప్రాసిక్యూటర్ బెన్ స్టోన్ కొడుకు. ఆ సిరీస్ ఆగిపోయాక, 2018లో తండ్రి అంత్యక్రియల కోసం న్యూయార్క్ వచ్చి ఎస్‌వీయూలో చేరిపోయాడు. 'ఎఫ్‌బీఐ' 2018లో మొదలైంది, అది సీబీఎస్ ఛానల్‌ది.

## కోర్టు సంగతులు

హత్య కేసు నేరుగా సుప్రీం కోర్టుకి ఎలా వెళ్తుంది?

న్యూయార్క్ రాష్ట్రంలో పెద్ద నేరాల విచారణ జరిగే కోర్టు పేరే సుప్రీం కోర్టు. మన సెషన్స్ కోర్టు స్థాయి అనుకోండి. ఆ రాష్ట్రంలో అన్నిటికన్నా పై కోర్టు పేరు కోర్ట్ ఆఫ్ అపీల్స్. తెరమీద 'సుప్రీం కోర్ట్, పార్ట్' అని పక్కన అంకె కనిపిస్తే అది ఒక విచారణ గది మాత్రమే.

సాక్ష్యం కళ్ళముందే ఉన్నా జడ్జి ఎందుకు కొట్టేస్తారు?

అక్రమంగా సోదా చేసి తెచ్చిన సాక్ష్యం రాష్ట్రాల కోర్టుల్లోనూ చెల్లదని అమెరికా సుప్రీం కోర్టు 1961లో మ్యాప్ కేసులో తేల్చింది. ఆ సాక్ష్యం వల్ల దొరికిన తర్వాతి సాక్ష్యమూ సాధారణంగా పోతుంది. కస్టడీలో ఉన్నవాడిని ప్రశ్నించే ముందు మౌనంగా ఉండే హక్కు, లాయర్ని పెట్టుకునే హక్కు చెప్పాలని 1966లో మిరాండా కేసు తీర్పు.

మన దేశంలో పద్ధతి దాదాపు తలకిందులు. సోదాలో లోపం ఉన్నంతమాత్రాన దొరికిన వస్తువు చెల్లకుండా పోదని మన సుప్రీం కోర్టు 1973లో పూరన్ మల్ కేసులో చెప్పింది. కానీ పోలీసు అధికారి ముందు చేసిన ఒప్పుకోలు నిందితుడి మీద సాక్ష్యంగా పనికిరాదు. అందుకే స్టేషన్ గదిలో ఒప్పుకోలుతో ముగిసే క్రిమినల్ ఇంటెంట్ కథ మన కోర్టులో అలా నిలబడదు.

"వన్-ఎయిటీ-ఎయిటీ" అని హడావుడి పడతారు, అదేంటి?

న్యూయార్క్ క్రిమినల్ ప్రొసీజర్ చట్టంలో 180.80 సెక్షన్. పెద్ద నేరం మోపి కస్టడీలో ఉంచినవాడిమీద 120 గంటల్లో, మధ్యలో వారాంతమో సెలవో వస్తే 144 గంటల్లో, గ్రాండ్ జ్యూరీ (అభియోగం మోపాలా వద్దా తేల్చే పౌరుల బృందం) అభియోగానికి ఆమోదం తెలపాలి, లేదా ప్రాథమిక విచారణ మొదలవ్వాలి. రెండూ జరక్కపోతే మామూలుగా విడుదల చేయాల్సిందే, కేసు మాత్రం పోదు. గ్రాండ్ జ్యూరీ రహస్యంగా కూర్చుంటుంది, విచారణ జ్యూరీ వేరు.

ప్రతి కేసులో బేరం ఆడతారేంటి? హత్యకి కూడానా?

అవును. అక్కడ ఎక్కువ కేసులు విచారణ దాకా వెళ్ళకుండానే నేరం ఒప్పుకోలుతో ముగుస్తాయి. హత్య ఆరోపణని తగ్గించి నరహత్యగా ఒప్పుకుంటే శిక్ష తగ్గుతుంది. ప్రాసిక్యూటర్‌కి ఓడిపోయే భయం, నిందితుడికి జీవితాంతం జైలు భయం: ఆ రెండు భయాల మధ్యే బేరం.

మన దగ్గర కూడా 2006 నుంచి ఇలాంటి వీలుంది, కానీ ఏడేళ్ళకి మించి శిక్షపడే నేరాలకీ, స్త్రీలమీద, పిల్లలమీద చేసిన నేరాలకీ వర్తించదు. ఎస్‌వీయూలో కనిపించే బేరాలు మన చట్టంలో కుదరవు.

కొన్ని సీజన్లలోనే మరణశిక్ష మాట వస్తుంది, ఎందుకు?

న్యూయార్క్ రాష్ట్రం 1995లో మరణశిక్షని తిరిగి తెచ్చింది, 2004లో రాష్ట్ర అత్యున్నత కోర్టు ఆ చట్టం రాజ్యాంగానికి విరుద్ధమంది. 1995కీ 2004కీ మధ్య వచ్చిన ఎపిసోడ్లలోనే మెకాయ్ ఆ శిక్ష అడగాలా వద్దా అని మథనపడతాడు. సిరీస్ చట్టంతోపాటే నడిచిందనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

## వేరే దేశాల్లో

బ్రిటన్ రూపం అమెరికాదానికి నకలేనా?

మొదట్లో కథలు అక్కడివే. 2009 ఫిబ్రవరిలో ఐటీవీలో మొదలైన 'లా అండ్ ఆర్డర్: యూకే' అమెరికా స్క్రిప్టుల్ని తీసుకుని లండన్‌కి తగ్గట్టు తిరగరాసింది. పేర్లు మార్చితే సరిపోలేదు: అక్కడ జిల్లా అటార్నీ లేడు, క్రౌన్ ప్రాసిక్యూషన్ సర్వీస్ ఉంది. లాయర్లు విగ్గు పెట్టుకుంటారు. మామూలు పోలీసు దగ్గర తుపాకీ ఉండదు, కాబట్టి అరెస్టు దృశ్యాలన్నీ మాటలతో, పరుగుతో రాయాల్సి వచ్చింది. బ్రాడ్లీ వాల్ష్ నటించిన రోనీ బ్రూక్స్ లండన్ బ్రిస్కో. 2014 దాకా 53 ఎపిసోడ్లు వచ్చాయి.

ఇంకెవరు తీశారు?

ఫ్రాన్స్‌లో టీఎఫ్1 ఛానల్ 2007లో క్రిమినల్ ఇంటెంట్‌ని పారిస్ కథగా, విన్సెంట్ పెరేజ్‌తో తీసింది. అదే ఏడాది రష్యాలో ఎన్‌టీవీ ఛానల్ ఎస్‌వీయూ, క్రిమినల్ ఇంటెంట్‌ల రూపాలు మొదలుపెట్టింది. కెనడాలో 2024 ఫిబ్రవరి 22న సిటీటీవీలో 'టొరంటో: క్రిమినల్ ఇంటెంట్' వచ్చింది. పాత స్క్రిప్టులు వాడకుండా టొరంటో కథలే కొత్తగా రాశారు. ఎన్నో సినిమాల్లో న్యూయార్క్‌గా నటించిన ఆ ఊరు ఇందులో తన పేరుతోనే కనిపిస్తుంది.